మల్బరీ మోడు

దాక్షాయణి సంతకం పెట్టేసింది. పోయిన వారం మిమ్మల్ని మందు పరీక్షకి ఒప్పుకునే ఆ కాగితం దగ్గరే వదిలిపెట్టి వచ్చినాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నోళ్ళకి నాలుగు ముక్కలు. దాక్షాయణి నా చెల్లెలు, నలభై ఆరేండ్లు. అండాశయంలో క్యాన్సరు. కీమో మూడుసార్లు ఎక్కించినారు, మూడుసార్లూ తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చింది. ఇంగ మా చేతిలో ఏమీ లేదని బెంగళూరోళ్ళు చెప్పినాక, కోలారు హైవే పక్కన పెద్దాస్పత్రిలో ఏదో కొత్త మందు పరీక్ష చేస్తాండారని విని ఆమె మొగుడు హనుమంతయ్య ఇక్కడికి తెచ్చినాడు. ఆండర్సన్‌పేటలో కిరాణా అంగడి ఆయనది. నేను ఓబలప్ప. కామసముద్రంలో రెండెకరాల మల్బరీ, ఒక పట్టుపురుగుల ఇల్లు, ఆరో తరగతితో ముగిసిన చదువు. నా ఆస్తి అంతే.

సోమవారం పొద్దున డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ తన రూముకి పిలిచింది. పేరు అర్పిత. శ్రీనివాసపురం మామిడితోటలోళ్ళ బిడ్డ. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. మన తెలుగే మాట్లాడతాది. ఆ ఆస్పత్రిలో నాకు నచ్చింది అదొక్కటే.

"రేపు పదిగంటలకి మందు ఎక్కిస్తాం. సంతకం ఆమె పెట్టినా, ఇంట్లోవాళ్ళకీ తెలియాలి. అర్థం కాకపోతే అడగండి, సిగ్గుపడొద్దు," అనింది.

"మా బావకి సిగ్గెక్కువ. నేనడుగుతా," అన్నాడు హనుమంతయ్య. "దీంతో నయమైతాదా తల్లీ?"

"అయితాదని నేను చెప్పను. పరీక్ష అంటే అదే. కొందరికి గడ్డ కరిగింది. కొందరికి ఏమీ కాలేదు. ఇద్దరికి కాలేయం దెబ్బతినింది."

హనుమంతయ్య తలూపినాడు. అంగట్లో బియ్యం రేటు విన్నట్టు విన్నాడు. ఆ మనిషి అట్లాంటోడు, లోపల ఏముండాదో మొహం చెప్పదు.

డాక్టరమ్మ కాగితం మీద ఒక బొమ్మ గీసింది. కింద ఒక కాడ, పైన రెండుగా చీలిన కొమ్మ. నాకది మల్బరీ పుల్ల మాదిరే కనపడింది.

"ఇది యాంటీబాడీ. పరాయిది ఏదైనా ఒంట్లోకి వస్తే గుర్తుపట్టి పట్టుకునేది. పట్టుకునే గుణమంతా ఈ రెండు కొసల్లోనే ఉంటాది. కింది కాడతో మాకు పనిలేదు. దాన్ని తీసేసి కొస మాత్రం వాడుకుంటాం. ఆమె క్యాన్సరు కణాల మీద ఒక గుర్తు ఉంది. మామూలు కణాల మీద అది చాలా తక్కువ. మా కొస ఆ గుర్తునే పట్టుకుంటాది."

"పట్టుకొని ఏం జేస్తాది?"

"ఉత్త కొస ఏమీ చెయ్యదు. దాన్ని ఒక వైరస్ ఒంటికి అతికించినాం. రోగం తెచ్చే గుణం తీసేసిన వైరస్. దాని కడుపులో ఒక జీన్ పెట్టినాం. కొస గుర్తుని పట్టుకుంటే వైరస్ ఆ కణం లోపలికి పోతాది, జీన్‌ని దించుతాది. ఆ జీన్ పనిచేస్తే క్యాన్సరు కణం తనంతట తానే చస్తాది."

"ఓహో. డోర్ నంబరు చూసి సరుకు దించినట్టు."

"అంతే."

"నంబరు తప్పు చదివితే?"

"ఆ కాలేయం దెబ్బతినింది అట్లానే," అనింది డాక్టరమ్మ. నవ్వలేదు.

నాకు మా నాయన గుర్తొచ్చినాడు. బంగారం తవ్వే మైన్‌లో షాఫ్టు దిగే ముందు ఇత్తడి బిళ్ళ చూపించాల. బిళ్ళ ఉంటేనే మనుషుల్ని కిందికి దించే బోనులోకి. బిళ్ళ చూసినోడు ఎప్పుడూ మనిషి మొహం చూసినోడు కాదు. ముప్పై ఏండ్లు దిగినాడు మా నాయన, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము నింపుకొని పైకొచ్చినాడు. నేను బడి మానుకుంది ఆ దగ్గు వినే.

డాక్టరమ్మ మాకు ధైర్యం చెప్పాలనుకునింది పాపం. "ఇట్లా ముక్కలు చేసి వాడేది కొత్తేం కాదులెండి. పాము మందు ఉంది కదా, అదీ ఇదే జాతి. గుర్రానికి విషం కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. దాని రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. వాటిని ముక్కలు చేసి సీసాల్లో నింపుతారు. మన పల్లెల్లో ఎంతమందిని బతికించలేదు! అయితే కొందరికి అది పడదు. మొహం వాచి, గొంతు మూసుకపోతాది. ఫారంలో ఆ ప్రశ్న పెట్టింది అందుకే. అట్లాంటి మందు పడక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళని మేం తీసుకోం."

"ఇదీ గుర్రందేనా?" అని అడిగినాను. ఆ రూములో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"కాదు. కాబట్టి ఏమీ కాకపోవచ్చు. కానీ మాకు తెలియదు కదప్పా. తెలియని చోట ఒక మనిషిని పెట్టి చూడకూడదు. పైగా ఇది ఒక్కసారే ఎక్కించే మందు. లోపలికి పోయినాక వెనక్కి తీయలేం."

హనుమంతయ్య పెద్దగా నవ్వినాడు. "మాది నాగప్ప ఇల్లు తల్లీ. ఏటా పుట్టకి పాలు పోస్తాం. మా ఇంట్లో పాము ముట్టినోళ్ళే లేరు. మా యావిడ పాదం మీద ఒక మచ్చ ఉండాది, అది మల్బరీ మోడు గుచ్చుకున్నది. పెండ్లికి పదకొండు దినాల ముందు! కుంటుకుంటా వచ్చి పీటల మీద కూర్చునింది. మా పిన్నమ్మ అయితే 'కుంటిపిల్లని అంటగట్టినారు రా నీకు' అని ఒకటే గోల. కదా బావా?"

"ఊ," అన్నాను.

అది మోడు కాదు. పాము.

ఇరవై ఆరేండ్ల కిందటి మాట. పురుగులు కుబుసం విడిచే ఆఖరి నిద్ర లేచి ఆకలి మీదుండాయి. పట్టుపురుగులు పెంచినోళ్ళకి తెలుసు, ఆ వారం ఇంట్లో మనుషులకి అన్నం లేకపోయినా వాటికి ఆకు తప్పకూడదు. తెల్లారకముందే దాక్షాయణి ఆకు కోయను పోయింది. కోసి కుప్పేసిన ఆకులోనే ఉన్నింది పాము, పాదం మీద కరిచింది. చెల్లెల్ని నా టీవీఎస్ బండి వెనక కూర్చోబెట్టుకొని, మా అమ్మ చీరతో నా నడుముకి కట్టుకొని మైను ఆస్పత్రికి పోయినాను. మందు పెట్టినారు. రెండో సీసా సగం కూడా కాలేదు.

"అన్నా, గొంతులో పట్టుపీచు చుట్టుకున్నట్టుండాది," అనింది.

నేను నీళ్ళు కావాలేమో అనుకున్నాను. నీళ్ళ కోసం పోయి వచ్చేలోగా దాని మొహం గుమ్మడికాయ అయింది. పెదవులు నేరేడుపండు రంగు. నా చెయ్యి పట్టుకునింది, గోళ్ళు దిగినాయి. ఆ తర్వాత పట్టు వదిలేసింది. అక్కడ ముసలి డాక్టరు ఒకాయన పరిగెత్తుకొచ్చి ఇంగో సూది పొడిచి, ఎదమీద గుద్ది, దాన్ని వెనక్కి లాక్కొచ్చినాడు. పోయేటప్పుడు ఒక చీటీ మీద ఎర్రసిరాతో రాసి నా చేతిలో పెట్టినాడు. "ఇది జన్మంతా దాచిపెట్టండి. ఏ ఆస్పత్రికి పోయినా ఫస్టు ఇది చూపించండి" అని రెండుసార్లు చెప్పినాడు.

ఇంటికొచ్చినాక మా అమ్మ ఏడ్చింది పాముకి కాదు, పెండ్లికి. హనుమంతయ్య వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాది. పాము ముట్టిన ఆడపిల్ల నాగప్ప సొత్తు. నాగరాయి నిలిపి, పూజ చేసి, ఏడాది ఆగినాకే ఆమెకి పసుపు పూయాల. ఏడాది ఆగే సంబంధం ఏదైనా ఉంటాదా? పదకొండు దినాల్లో పెండ్లి. చుట్టాలందరికీ కబురు పోయింది.

"మోడు గుచ్చుకున్నాదని చెప్దాం," అన్నాను నేను.

ఆ మాట మా అమ్మది కాదు, దాక్షాయణిది కాదు. నాది. కత్తిరించిన మల్బరీ మోడు మేకు మాదిరి ఉంటాది, ఎవరైనా నమ్ముతారు. నమ్మినారు. ఎర్రసిరా చీటీని మా అమ్మ పురుగులింట్లో వేడి కోసం పెట్టిన కుంపట్లో వేసింది. నేను చూస్తానే ఉన్నాను.

డాక్టరమ్మ రూములోనుంచి బయటికొచ్చి, వార్డుకి పోయినాను. హనుమంతయ్య నాకంటే ముందే పోయి దాక్షాయణి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కీమోతో పాదాలు మొద్దుబారినాయని కొబ్బరినూనె రాస్తాండాడు. ఆ మచ్చ మీద ఇంగొంచెం ఎక్కువ. ఇరవై ఆరేండ్లుగా ఆ మచ్చంటే ఆయనకి ముద్దు.

"బావా, పోయి టీ తాగిరాపో," అన్నాను.

"నువ్వూ తాగలేదు కదా, పద."

"అన్నాచెల్లెళ్ళు రెండు మాటలు మాట్లాడుకోవద్దా?"

"అయితే నా మీద చాడీలే," అని చేతులు తుడుచుకుంటా పోయినాడు.

తలుపు మూసుకునేదాకా ఆగినాను.

"ఫారంలో పాము మందు ప్రశ్న చూసినావా?"

"చూసినాను."

"ఏమని పెట్టినావు?"

"లేదు అని టిక్కు పెట్టినాను."

"మర్చిపోయి పెట్టినావు కదా? ఇప్పుడు పోయి చెప్దాం, దిద్దుకుంటారు."

"మర్చిపోయేదా అన్నా అది?" అనింది. గొంతులో బలం లేదు, కానీ వణుకూ లేదు. "కన్నడంలో ఉండాది ఫారం. నాలుగుసార్లు చదివినాను. తెలిసే పెట్టినాను."

నాకు ఒళ్ళు మండింది. రోగిష్టి మనిషి ముందు గట్టిగా మాట్లాడకూడదని తెలుసు. అయినా ఆగలేదు.

"నిన్ను చదివించింది దీనికా? నేను ఆరో తరగతిలో పలక పారేసి ఆకు మోస్తేనే కదా నువ్వు పదో తరగతి దాకా పోయినావు? ఆ చదువు పెట్టుకొని అబద్ధానికి టిక్కు పెడతావా?"

దాక్షాయణి నా వైపు చూసింది. జుట్టు లేని తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకునింది.

"ఆ అబద్ధం చదువుకోనోడే చెప్పినాడు కదన్నా. నేను చదువుకున్నదాన్ని, కాగితం మీద పెట్టినాను. అంతే కదా తేడా."

చిన్నప్పటినుంచీ అది తక్కువ మాట్లాడతాది. మాట్లాడితే ఇట్లానే, కొడవలి గీసినట్టు.

మళ్ళీ అదే అందుకునింది. "చెప్తే ఇంటికి పంపిస్తారు. బెంగళూరు డాక్టరు నాలుగు నెల్లన్నాడు. రెండు అయిపోయినాయి. ఇంటికి పోయి మిగిలిన రెండూ కూర్చొని చూసుకోమంటావా?"

"మందు పడకపోతే రెండు నెల్లు కాదు, రెండు నిమిషాలు కూడా ఉండవు."

"ఒకసారి పోయి వచ్చినాను. రెండోసారీ వస్తాను."

"అప్పుడు నీకు ఇరవై ఏండ్లు!"

"ఇది గుర్రంది కాదంట కదా."

"తెలీదన్నారు. కాదన్లేదు."

"సరే. తెలీదు. తెలిసిన చావు కంటే తెలీనిది మేలు కదా?"

దీనికేం చెప్పాల? చెప్పండి మీరైనా.

"బావకైనా చెప్తాను," అన్నాను.

అప్పుడు భయపడింది. చావు మాటకి బెదరనిది, ఆ మాటకి మంచం మీద లేచి కూర్చునింది.

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు తొమ్మిదేండ్లు కడుపు పండలేదు, గుర్తుందా? మా అత్త ప్రతి మంగళవారం నాతో నాగులకట్ట చుట్టూ నూట ఎనిమిది సార్లు తిప్పించేది. ఏ జన్మలో పాముని కొట్టినావో అనేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. నా వెనకాల తనూ తిరిగేవాడు. నూట ఎనిమిదీ. ఎండకి కాళ్ళు బొబ్బలెక్కేవి. ఆ మనిషికి ఇప్పుడు పోయి, నిన్ను మోసం చేసి పీటల మీద కూర్చున్నానయ్యా అని చెప్పాలా? పిల్లలు లేని తొమ్మిదేండ్లూ, ఈ క్యాన్సరూ అన్నీ దాని వల్లే అనుకుంటాడు. పైకి అనడు. నూనె రాయడం మానేస్తాడు, అంతే. ఆ రెండు నెల్లూ నేను ఆయన మొహం చూస్తా చావలేను."

చెయ్యి చాపింది. "చెప్పనని చేతిలో చెయ్యెయ్యి."

సూదులు గుచ్చీ గుచ్చీ నరాలు నల్లబడిన చెయ్యి. నేను పట్టుకోలేదు. తోసేయనూ లేదు. అట్లా గాల్లో ఉండగానే హనుమంతయ్య రెండు పేపరు కప్పులతో వచ్చినాడు.

"అయినాయా చాడీలు?"

"అయినాయి," అనింది దాక్షాయణి, ఆ చేత్తోనే కప్పు అందుకుంటా. "నీ నూనె కంపు భరించలేకుండా ఉన్నానని చెప్పినాను."

"చెప్పు చెప్పు. మీ అన్న వచ్చి రాస్తాడేమో చూద్దాం."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను టీ ముట్టుకోకుండా బయటికొచ్చినాను.

బండ్లు నిలిపే షెడ్డు కింద సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. నాకు అందరి మీదా కోపం వచ్చింది. చీటీ కాల్చిన అమ్మ మీద. ఆమె చచ్చి పన్నెండేండ్లయింది, అయినా వచ్చింది. నాగప్ప పేరు చెప్పి ఆడపిల్లలకి ఏడాది శిక్ష వేసిన ఆ ఇంటి పెద్దల మీద. అన్నిటికంటే హనుమంతయ్య మీద. ఆ మనిషి చెడ్డోడై ఉంటే నా పని ఎంత సులభంగా ఉండేది! తాగి కొట్టేవాడైతే, ఛీ పోరా అని మొహం మీద చెప్పేసేవాడిని. నూట ఎనిమిది సార్లు వెనకాల తిరిగినోడికి ఏమని చెప్పేది?

రేపు పదిగంటలకి కదా అనుకున్నాను. పొద్దు వాలేదాకా ఆలోచిద్దాం అనుకున్నాను. మధ్యాహ్నం అయింది. ఎండ షెడ్డులోకి వచ్చింది.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగా కూర్చోనీలేదు. ఒకసారి పోయి వచ్చినానని అది అంత ధీమాగా చెప్తాది కదా, దానికేమీ గుర్తులేదు. తెలివి తప్పిపోయింది. ఆ పెదవులు దాని కళ్ళు చూడలేదు. ఆ పట్టు వదిలేసిన చెయ్యి దానికి తెలీదు. అంతా చూసినోడిని నేను. పాము మందు అంటే దానికి ఫారంలో ఒక ప్రశ్న. నాకు కాదు.

లేచినాను. మూడు గంటలకి డాక్టరమ్మ రూముకి పోయినాను. తలుపు వేసుంది.

"మేడం లేదు. కూర్చోండి," అనింది బయట కుర్చీలో ఉన్న అమ్మాయి.

కూర్చున్నాను. కూర్చోమంటే కూర్చునే వంశం మాది. మా నాయన మైను ఆస్పత్రి బెంచీ మీద ఎట్లా కూర్చునేవాడో అట్లానే, టవలు తొడ మీద వేసుకొని. అర్జెంటని చెప్పి ఉండొచ్చు. యాడ ఉందని అడిగి ఉండొచ్చు. నలభై నిమిషాలు కూర్చున్నాను.

డాక్టరమ్మ గబగబా వచ్చింది, ఏదో ఫైలు కోసం. నేను లేచి వెనకాలే లోపలికి పోయినాను.

"అమ్మా, ఒక మాట."

"రెండు నిమిషాలు ఆగండప్పా, పైకి పోవాలి."

"నా చెల్లెల్ని పాము కరిచింది," అన్నాను.

"ఎప్పుడు? ఇక్కడా?" అని బిత్తరపోయింది.

"ఇరవై ఆరేండ్ల కిందట. పాము మందు పెట్టినారు. పడలేదు. మొహం వాచింది, ఊపిరి పోయింది. డాక్టరు సూదేసి బతికించినాడు. చీటీ ఇచ్చినాడు, మేం కాల్చేసినాం. పాదం మీది మచ్చ అదే. ఫారంలో నా చెల్లెలు తెలిసే లేదని పెట్టింది. రేపు మందు ఎక్కించొద్దు."

ఒక్క ఊపిరిలో చెప్పేసినాను. ఇరవై ఆరేండ్లు మోసింది చెప్పడానికి అంతసేపే పట్టింది.

డాక్టరమ్మ చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు.

"రేపు కాదు," అనింది.

"పదిగంటలకి కదా..."

"ఈ రోజు ఇంకొకరికి ఇవ్వాల్సింది. వాళ్ళకి జ్వరం వచ్చింది. చలిపెట్టెలో గడ్డకట్టించిన మందు, ఒకసారి కరిగించినాక మళ్ళీ దాచకూడదు. అందుకని మీ చెల్లెల్ని ముందుకి జరిపినాం. మూడున్నరకి మొదలుపెట్టినారు. పెద్ద డాక్టరు దగ్గరే ఉన్నారు..."

మాట్లాడతానే బల్ల మీది ఫోన్ ఎత్తి నంబరు నొక్కింది. అవతల మోగతానే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఫోన్ పారేసి వాకిట్లోకి ఉరికింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడింది. మూడంతస్తులు.

నా జేబులో సెల్లు మోగింది. హనుమంతయ్య.

"బావా, యాడుండావు? నీ కోసం చూసీ చూసీ పెట్టేసినారు. ఏం భయంలేదులే, బాగానే ఉండాది. ఇదో, పావుగంటయింది." పక్కన మిషను టిక్కు టిక్కుమని కొట్టుకుంటాంది. "నీతో చెప్పమంటాది దాక్షు. గొంతులో పట్టుపీచు చుట్టుకున్నట్టుండాదంట. ఏసీ చలికేమో అని శాలువా కప్పినాను. డాక్టరు ఆ మూల కంప్యూటరు చూస్తాండాడు, చిన్నదానికి ఎందుకని పిలవలేదు."

"బావా! ఆ గొట్టం ఆపమను! డాక్టర్ని పిలువు, అరువు!"

"ఎందుకు బావా? ఏమయింది?"

"ఆమెకి పాము మందు పడదు. ఆపమను!"

"పాము మందా?" అన్నాడు. నవ్వబోయినాడు, ఆ నవ్వు సగంలో ఆగిపోవడం నాకు వినపడింది. "మా ఇంట్లో పాము ఎవర్ని ముట్టింది బావా?"

"మోడు కాదు బావా అది," అన్నాను. "మోడు కాదు. నేనే చెప్పినాను మోడని."

అవతల మాట లేదు. మిషను మాత్రం టిక్కు టిక్కుమని కొట్టుకుంటానే ఉంది. హనుమంతయ్య డాక్టర్ని పిలుస్తాడా, పిలవడా?